లువాంటి కట్టుబడి, మన్యం అక్షరాలు

దిమ్మె మీద దిమ్మె పేర్చి కొండలూ ఇళ్లూ కట్టుకునే ఆటలు పిల్లలకు కొత్త కాదు. అలాంటి ఆటలను తయారు చేసుకోవడానికి, ఉన్నవాటిని తమకు తోచినట్టు మార్చుకోవడానికి ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గేమ్ ఇంజను ఉంది. దాని పేరు లువాంటి. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో మైన్‌టెస్ట్ పేరుతో దీన్ని మొదలుపెట్టాడు. 2024 అక్టోబరులో పేరు మార్చారు. దీంతో తయారైన ఆటల గురించి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ ఇంజను విడుదల వెనకున్న పనితనం గురించి తెలుగులో ఎక్కడా చదివిన గుర్తు లేదు. నాకు మాత్రం అదే ముచ్చటగొలిపే భాగం.

ఇంజను చాలావరకు సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. ఆటలు, వాటికి చేర్పులైన మోడ్‌లు లువా భాషలో రాస్తారు. ఒక మోడ్ అంటే ఒక ఫోల్డర్. అందులో మోడ్ పేరూ, దానికి కావలసిన ఇతర మోడ్‌ల పేర్లూ చెప్పే mod.conf అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అసలు పని చేసే లువా ఫైలు, బొమ్మలు దాని పక్కనే ఉంటాయి. మోడ్ రాసినవాడు ఏదీ కంపైల్ చేయనక్కర్లేదు. పైగా మోడ్ నడిచేది సర్వర్‌లో. ఆడేవాళ్ల యంత్రానికి కావలసిన బొమ్మలు, శబ్దాలు ఆట మొదట్లో సర్వరే పంపిస్తుంది. ఘాట్ రోడ్డు పైనున్న ఏ ఆశ్రమ పాఠశాలలోనో నెట్ పోయిన రోజున కూడా, ల్యాబ్‌లో ఒక యంత్రాన్ని సర్వర్‌గా పెట్టి మోడ్‌ను అందులో వేస్తే మిగతా యంత్రాలన్నిటికీ అందుతుంది. వాటిలో ఒకటి విండోస్‌ది, ఇంకోటి లినక్స్‌ది అయినా తేడా ఉండదు.

మోడ్ రాసేవాడికి ఈ సుఖం దొరకడానికి కారణం ఇంజను కట్టేవాళ్లు పడే కష్టమే. ఒకే మూలకోడ్ విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ నాలుగింటి మీదా నడవాలి. అందుకు మొదటి మెట్టు సీమేక్. యంత్రంలో ఏయే లైబ్రరీలు ఉన్నాయో వెతికి, ఏది కలపాలో ఏది వదలాలో ముందే తేల్చిపెట్టేది అదే. కావలసినవి ఒక్కో మీటగా పెట్టారు. సర్వర్ ఒక్కటే కావాలంటే క్లయింట్‌ను ఆపేయవచ్చు, అప్పుడు గ్రాఫిక్స్ కార్డు లేని పాత డబ్బా కూడా పనికొస్తుంది. శబ్దం వద్దంటే తీసేయవచ్చు.

ఈ మీటల్లో నాకు బాగా నచ్చినది RUN_IN_PLACE. మామూలుగా లినక్స్‌లో ఒక ప్రోగ్రాం పెడితే నడిచే ఫైలు ఒకచోట, బొమ్మలు ఒకచోట, వాడేవాడి సెట్టింగులు ఇంకోచోట చేరతాయి. ఈ మీట నొక్కి కంపైల్ చేస్తే అన్నీ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి. కట్టిన ప్రపంచాలు, వేసుకున్న మోడ్‌లు, సెట్టింగుల ఫైలు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవచ్చు. యంత్రం మీద అడ్మిన్ హక్కులు లేని విద్యార్థికి ఇదెంత ఊరటో ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు.

కంపైల్ దగ్గర మరో నేర్పు ఉంది. విండోస్ ప్యాకేజీ కట్టడానికి విండోస్ యంత్రమే ఉండాలని లేదు. మూలకోడ్‌తో పాటే ఉండే బిల్డ్‌బాట్ స్క్రిప్టు లినక్స్ మీద కూర్చుని విండోస్‌కు కావలసిన ఎగ్జి ఫైలును తయారు చేస్తుంది. అవసరమైన లైబ్రరీలను ఫలానా వెర్షనే కావాలని పేరుపెట్టి దించుకుంటుంది. ఎవరు ఎక్కడ కట్టినా సరుకు ఒకటే కావాలని ఈ జాగ్రత్త. ఆండ్రాయిడ్ దారి వేరు: గ్రేడిల్, ఎన్‌డీకే అనే పనిముట్లు, విడిగా కట్టుకున్న లైబ్రరీల మూట.

విడుదల రోజు పని ఇంకా సున్నితంగా ఉంటుంది. మూలకోడ్‌లో DEVELOPMENT_BUILD అనే గుర్తు ఒకటి ఉంది. అది నిజమని ఉన్నంతకాలం ఎవరు కట్టుకున్నా వెర్షన్ అంకె చివర ‘డెవ్’ అన్న తోక వస్తుంది. వెర్షన్ అంకె ఒక్కచోట మాత్రమే ఉండదు. సీమేక్ ఫైలులో ఒకసారి, ఆండ్రాయిడ్ ఫైలులో ఒకసారి, లినక్స్ సాఫ్ట్‌వేర్ దుకాణాలు చదువుకునే వివరాల ఫైలులో ఇంకోసారి ఉంటుంది. వీటిలో ఒక్కటి మారకపోయినా వాడేవాడు ఒక వెర్షన్ పేరు చెప్పి ఇంకో వెర్షన్ తప్పును నివేదిస్తాడు. అందుకే ఈ పనిని మనిషి జ్ఞాపకానికి వదలకుండా ఒక షెల్ స్క్రిప్టుకు అప్పగించారు. అది గుర్తును ఆర్పుతుంది, అంకెలు సరిచేస్తుంది, ట్యాగ్ వేస్తుంది, ఆ వెంటనే తర్వాతి అంకెకు జరిగి గుర్తును మళ్లీ వెలిగిస్తుంది. విడుదలైన స్థితి చరిత్రలో ఒక్క కమిట్ మాత్రమే. దానికి ముందూ వెనకా ఉన్నదంతా పని జరుగుతున్న కోడేనని ఎవరు చూసినా తెలుస్తుంది. పని తెలిసినవాళ్ల శుభ్రత అది.

ఇక ఈ ఆటల తెరమీద కనబడే అక్షరాల సంగతి. అరకు చుట్టుపక్కల మాట్లాడే ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలకు ఆంధ్రప్రదేశ్‌లో బడి పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎనిమిది గిరిజన భాషలకు ఆ దారే పట్టింది. కాబట్టి ఆ భాషల్లో ఎవరైనా మోడ్ రాస్తే తెరమీద కనబడవలసింది తెలుగు అక్షరమే.

‘బొర్రా’ అన్న మాటే తీసుకోండి. బొర్రా గుహల్లోని రాతిస్తంభానికి దిమ్మె ఒకటి చేసి ఆ పేరు పెట్టామనుకుందాం. మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: బ, ఒత్వం, ర, పొల్లు, మళ్లీ ర, దీర్ఘం. ఒత్వాన్ని బకారానికి అతికించి, పొల్లును దాచి, రెండో రకారాన్ని ఒత్తుగా మార్చి, దీర్ఘాన్ని మొదటి రకారం మీదికి చేర్చడం ఫాంటు, అక్షరాలను కూర్చే లైబ్రరీ కలిసి చేసే పని. లువాంటి ఫ్రీటైప్ అనే లైబ్రరీతో ఒక్కో సంకేతాన్ని వరసగా గీసుకుంటూ పోతుంది. మధ్యలో కూర్పు లేదు. ఒత్తు కిందికి దిగదు.

ఈ లోపాన్ని వాళ్లు దాచలేదు. అనువాదాలను కంపైల్ చేసే చోట నిలిపివేసిన భాషల జాబితా ఒకటి రాసిపెట్టారు. హిందీ, కన్నడ, థాయ్ అందులో ఉన్నాయి. అనువాదకులు చేసిన పని మూలకోడ్‌లో భద్రంగా ఉంటుంది, విరిగిన అక్షరాలు మాత్రం ఆడేవాడి ముందుకు రావు. మన లిపులకు చోటు లేకపోవడం నాకు బాధే. అయినా ముక్కలైన కన్నడాన్ని చూపించి ‘మీ భాష కూడా ఉంది’ అని చెప్పుకోవడం కంటే ఇది మర్యాదగల పని అంటాను.

ఇదే తూర్పు కనుమల్లో పుట్టిన మరో లిపికి ఈ చిక్కు లేదు. సవర భాష కోసం 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్‌లో గుణింతపు గుర్తులు అతకవు, ఒత్తులు లేవు, ప్రతి అక్షరం విడిగా నిలబడుతుంది. 2012లో వచ్చిన యూనికోడ్ 6.1లో దానికి 25 అక్షరాలు, 10 అంకెలు దక్కాయి. నోటో అనే ఫాంట్ల కుటుంబంలో ఈ లిపికి ఫాంటు ఉంది. లువాంటి సెట్టింగుల్లో fallback_font_path అనే వరసలో ఆ ఫాంటు ఫైలు దారి రాస్తే, ప్రధాన ఫాంటులో దొరకని అక్షరానికి ఇంజను అక్కడ వెతుకుతుంది. ఈ లిపి సంకేతాలు యూనికోడ్ తొలి 65,536 స్థానాలు దాటి ఉన్నాయి. అందువల్ల విండోస్‌లో ఒక్కో అక్షరం రెండు ముక్కలుగా నిల్వ ఉంటుంది, లినక్స్‌లో ఒకటిగానే ఉంటుంది. గీసే కోడ్ ఆ రెండు ముక్కలను ముందు ఒకటి చేసుకుంటుంది కాబట్టి తేడా తెరదాకా రాదు.

తెలుగు లిపికి చోటు కావాలంటే హార్ఫ్‌బజ్ లాంటి కూర్పు లైబ్రరీ తోడవ్వాలి. దాన్ని సీమేక్‌లో ఒక మీటగా చేర్చాలి, విండోస్ బిల్డ్‌బాట్‌లో వెర్షన్ పేర్కొనాలి, ఆండ్రాయిడ్ మూటలో కట్టాలి, మ్యాక్ మీద పరీక్షించాలి. ఒక్కో సంకేతానికి వెడల్పు కొలిచి వరస విరిచే కోడ్‌ను అక్షరం మొత్తానికి కొలిచేలా తిరగరాయాలి. ఫాంట్ల తీరు, ఒత్తుల తీరు ఎరిగిన తెలుగు ప్రోగ్రామర్లు చేయగల పని ఇది, మూలకోడ్ తెరిచే ఉంది.