పసిడి గనుల పాటల్లో ఎవరి తెలుగు?

కోలారు బంగారు గనుల పేరు నేటి తెలుగు విద్యార్థులకు చరిత్ర పాఠాల ద్వారా కంటె పాటల ద్వారానే ఎక్కువగా పరిచయం. ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో వచ్చిన కన్నడ చిత్రం 'కె.జి.ఎఫ్.' మొదటి భాగం 2018 డిసెంబరు 21న, రెండవ భాగం 2022 ఏప్రిల్ 14న విడుదలై, తెలుగులోకి కూడా వచ్చాయి. రెండింటికీ సంగీతం రవి బస్రూర్. తెలుగు పాటల్లో ప్రధానమైనవి రామజోగయ్య శాస్త్రి రచనలు. ఈ పాటలు బాగున్నాయా లేదా అన్న చర్చ విద్యార్థుల మధ్య చాలానే జరిగింది. వాటిలోని తెలుగు ఎలాంటిది అన్న ప్రశ్న మాత్రం అంతగా రాలేదు. దానిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డబ్బింగ్ పాటను చిన్నచూపు చూడటం మన విమర్శకు పాత అలవాటు. నిజానికి అది కష్టమైన రచన. బాణీ ముందే నిర్ణయమై ఉంటుంది, గురులఘువుల కొలత మారదు, తెరమీద పెదవుల కదలిక కళ్ళెదుట ఉంటుంది. 1992 నాటి 'రోజా' పాటలు తెలుగువారి నోళ్ళలో నిలిచాయంటే, తెలుగు సాహిత్యం కూర్చిన రాజశ్రీ ప్రతిభకూ అందులో వాటా ఉంది. కాబట్టి డబ్బింగ్ పాట అనే కారణంతో ఈ పాటలను పక్కన పెట్టే ప్రసక్తి లేదు.

ముందుగా నాయకుణ్ణి కీర్తించే పాటలు చూద్దాం. 'సలాం రాకీ భాయ్', 'తూఫాన్', 'సుల్తానా' అనే పేర్లు కన్నడంలో ఎలా ఉన్నాయో తెలుగు, తమిళ, హిందీలలోనూ దాదాపు అలాగే ఉన్నాయి. ఏ భాషకూ మార్చనక్కర లేని మాటను పల్లవిలో నిలిపి, తక్కిన చరణాలను ఆయా భాషల్లో నింపడం ఇక్కడి పద్ధతి. వ్యాపారపరంగా ఇది తెలివైన ఏర్పాటే. కథానాయకుడు బొంబాయిలో ఎదిగినవాడు కనుక కథలో దీనికి ఆధారమూ ఉంది. అయితే భాషాదృష్టితో ఒక చిన్న విషయం గమనించాలి. అరబ్బీ, పారశీక మూలాల మాటలు తెలుగుకు కొత్త కాదు. వాటిని తెలుగు ఎప్పుడో అజంతాలుగా మార్చుకుని 'సలాము', 'తుఫాను' అని సొంతం చేసుకుంది. పాట మాత్రం ఆ తెలుగు రూపాలను వదిలి, హలంత రూపాలనే నిలుపుకుంది. వినడానికి ఊపు వచ్చింది, బృందగానానికి బలం వచ్చింది. కాని ఈ పల్లవులు ఏ ఊరివీ కావు. అందువల్లనే అవి అన్ని ఊళ్ళలోనూ చెల్లుబాటు అయ్యాయి.

తల్లి పాటల సంగతి వేరు. రెండవ భాగంలో సుచేతా బస్రూర్ పాడిన పాట కన్నడంలో 'గగన నీ', తెలుగులో 'ఎదగరా ఎదగరా'. కన్నడం 'నీ' అనే సర్వనామంతో బిడ్డను పిలిస్తే, తెలుగు విధ్యర్థక క్రియకు 'రా' చేర్చి పిలిచింది. ఆ ఒక్క అక్షరంలో వినేవాడు మగపిల్లవాడనీ, పిలిచే మనిషికి అతనిమీద చనువూ అధికారమూ ఉన్నాయనీ తెలిసిపోతాయి. మూలంలోని మాటను వదిలి మూలంలోని బంధుత్వాన్ని పట్టుకున్న అనువాదం ఇది. ఆర్భాటం తక్కువైన ఈ పాటలోనే కవికి తెలుగుతో అసలు పని పడింది. రెండు ఆల్బముల్లోనూ మేము ముందుంచేది ఈ పాటనే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ కథాస్థలం చుట్టూ వినబడే తెలుగు ఈ పాటల్లో ఎక్కడ ఉంది? చిత్రంలోని 'నరాచి' కల్పితం కావచ్చు, కోలారు మాత్రం నిజం. 1880లో జాన్ టేలర్ కంపెనీ రాకతో పెరిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన ఆ గనుల్లో కార్మికుల లైన్లలో తమిళం ప్రధానంగా వినబడేది. బయట ములబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో అడుగడుగునా ఇంటి మాట తెలుగు. బడిలో, కచేరీలో కన్నడం. ముస్లిం ఇళ్ళలో దక్ఖిని ఉర్దూ. గనుల తొలినాళ్ళ కథతో పా. రంజిత్ తీసిన తమిళ చిత్రం 'తంగలాన్' 2024 ఆగస్టు 15న వచ్చింది. జి.వి. ప్రకాష్ కుమార్ సంగీతం కూర్చిన ఆ పాటలూ తెలుగులోకి వచ్చాయి. కన్నడం నుంచి ఒకసారి, తమిళం నుంచి ఒకసారి, రెండుసార్లూ కోలారు పాట తెలుగుకు అనువాదంగానే అందింది.

ఇది గీతకర్తల తప్పని మేము అనడం లేదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అమ్ముడుపోవలసిన పాట ఒక జిల్లా మాండలికంలో ఉండాలని కోరడం న్యాయం కాదు. అయితే మాండలికం బాణీలో ఇమడదు అనే వాదనను మాత్రం ఒప్పుకోలేము. చిత్తూరు, కోలారు ప్రాంతాల్లో 'ఉంది' అనరు, 'ఉండాది' అంటారు. అంటే ఒక గురువు అదనం. 'చేస్తున్నాడు' అనే చోట 'చేస్తా ఉండాడు' అంటారు. అక్కడా ఒక గురువు అదనం. సాగదీసే బాణీకి ఇది అడ్డంకి కాదు, సదుపాయం.

ఆ నేలమీద తెలుగు పాట లేకపోలేదు. కైవారం తాతయ్యగా ప్రసిద్ధులైన యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు, కీర్తనలు చెప్పారు. 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడేవరకు కైవారం కోలారు జిల్లాలోనిదే. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదువుకుని పాడేవారున్నారు. లిపి ఒకటి, భాష మరొకటి అయినా పాటకు లోటు రాలేదు. తెలుగు లిపి రాదు గనుక తమది తెలుగే కాదనుకునే కోలారు విద్యార్థులు ఈ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

కనుక విద్యార్థులకు మా సూచన ఒకటే. 'ఎదగరా' పాట వినండి, మెచ్చుకోండి, కన్నడ మూలంతో పోల్చి చూడండి. ఆ తరువాత మీ ఇంట్లో అవ్వ పాడే జోలపాటనో, నాట్ల పాటనో ఆమె పలికిన ఉచ్చారణతోనే రాసుకోండి. తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలోనే రాయండి. 'ఉండాది'ని 'ఉంది' అని దిద్దవద్దు. కోలారు తెలుగులో కొత్త పాట కట్టదలచినవారికి ముందు కావలసింది ఆ రాతప్రతులే.