పదిహేనుకీ యాభైకీ మధ్య

పాత కారు గురించి మన చట్టానికి రెండే భావాలున్నాయి. సొంత కారు పదిహేనేళ్లు దాటితే దానికి అనుమానం. ఫిట్‌నెస్ చూపించు, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించు, ఐదేళ్లయ్యాక మళ్లీ రా అంటుంది. అంతకుముందు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అదే బండి ఎలాగోలా యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే మిగిలిందనుకోండి, 2021 నిబంధనల ప్రకారం అది 'వింటేజ్'. నంబరు ప్లేటు మీద 'వీఏ' అని ప్రత్యేక గుర్తు. షరతల్లా, రోజువారీ పనులకి వాడకూడదు. నడుస్తానంటే అనుమానం, నడవనంటే గౌరవం.

మధ్యలో ముప్పై ఐదేళ్లున్నాయి. ఆ కాలమంతా బండి ఏం చేస్తుంది, దానితో మనిషి ఏం చేస్తాడు? సాహిత్యం, సినిమా ఈ మధ్యకాలాన్ని పట్టించుకున్నాయా అన్న అనుమానంతో ఈమధ్య రెండు పేరున్న రచనల దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఒకటి ఋత్విక్ ఘటక్ సినిమా 'అజాంత్రిక్' (1958). రెండోది రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' (1974).

అనుమానం పుట్టించింది మాత్రం లింగంపల్లిలో మా వెనక వీధి పెద్దాయన. బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరయ్యారు. ఇంటి ముందు రేకుల షెడ్డులో మూడు కార్లు: ఒక ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ కాలం నాటి మారుతి 800, ఒక జెన్. మూడూ నడుస్తాయి. మూడూ ఒకే రోజు నడవడం అరుదు. పొద్దున్నే బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న పచ్చటి పూతని వేడినీళ్లు, వంటసోడా, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక వాజిలైన్ రాస్తారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లని గరుకు కాగితంతో గీకి, మధ్య సందు సరిచేస్తారు. ఏప్రిల్ వస్తే పద్మినికి ఒక గుడ్డముక్క కేటాయిస్తారు. ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైతే పంపు దాన్ని లాగలేదు. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ లాగుతుంది. వానాకాలం 800ని రైల్వే అండర్‌బ్రిడ్జి వైపు తీసుకెళ్లరు. అక్కడ నీళ్లు నిలిచే సంగతి లింగంపల్లిలో అందరికీ తెలుసు. డిస్ట్రిబ్యూటర్‌లోకి తేమ వెళ్తే ఏమవుతుందో 800 ఉన్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

పిర్సిగ్ పుస్తకం ఈయన కోసమే రాసినట్టుంటుంది, కొంతవరకు. అందులో కథకుడి స్నేహితుడు జాన్‌కి ఖరీదైన బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ ఉంటుంది. హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదాం అంటాడు కథకుడు. మెత్తటి అల్యూమినియం, తుప్పు పట్టదు, ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. జాన్ మొహం మాడిపోతుంది. తన బండికి బీరు డబ్బా ముక్కా! ఆ ఘట్టం ఇప్పటికీ తాజాగానే ఉంది. గచ్చిబౌలి ఆఫీసుల పార్కింగులో జాన్‌లు వేలల్లో ఉంటారు.

ఈ తేడాకి తెలుగులో వేరే సిద్ధాంతం అక్కర్లేదు, క్రియలోనే ఉంది. 'బండి బాగుచేశాను' అనేవాడు వేరు, 'బాగుచేయించాను' అనేవాడు వేరు. ఈ ఐటీ కారిడార్‌లో బతికే మనందరం 'యించు' జనం. వండించుకుంటాం, ఉతికించుకుంటాం, కడిగించుకుంటాం. ఆ 'యించు'లో పని చేసిన మనిషి కనపడకుండా పోతాడు.

పిర్సిగ్‌తో నా పేచీ సరిగ్గా ఆ మనిషి దగ్గరే. పుస్తకం మొదట్లో ఒక రిపేరు షాపు వస్తుంది. మెకానిక్‌లు రేడియో గట్టిగా పెట్టుకుని, సరదాగా కబుర్లాడుకుంటూ, శ్రద్ధ లేకుండా పనిచేసి బండిని ఇంకా పాడుచేస్తారు. చివరికి అసలు లోపం ఒక చిన్న పిన్ను విరగడం అని కథకుడే కనుక్కుంటాడు. వాళ్లు తమ పనికి తామే ప్రేక్షకుల్లా ఉన్నారని ఆయన తీర్పు. చదువుతున్నప్పుడు తలూపుతాం. కానీ చందానగర్ రోడ్డు పక్కన ఏ షెడ్డు ముందైనా ఒక గంట నిలబడి చూడండి. ఒక ఉస్తాద్, ఒక కుర్రాడు, వరసలో పది బండ్లు. ప్రతి బండి పక్కనా 'ఇంకెంతసేపు భాయ్?' అంటూ ఫోన్ చూసుకునే ఒక 'యించు' మనిషి. శ్రద్ధకి టైం కావాలి, ఆ టైంకి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. పిర్సిగ్ తన బండి తనే బాగుచేసుకున్నాడు కాబట్టి ఆ లెక్క ఆయన ముందుకి రాలేదు.

పెద్దాయనకి ఈ ఘట్టం చెబితే నవ్వారు. "నాకు పెన్షన్ వస్తది గాబట్టి ఓపిగ్గా జేస్త. ఆయనకి పొద్దుగూకే లోపల పది బండ్లు తేలాలె" అన్నారు. ఇంజన్ విప్పాల్సిన పని వస్తే ఆయనే ఆ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తారు. ఇంట్లో చేసుకునే రిపేరుకి ఒక సరిహద్దు ఉందనీ, అది దాటాక పక్కవాడి చెయ్యి మనకన్నా తెలివైనదనీ పిర్సిగ్ ఎక్కడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు. ఈ విషయంలో మాథ్యూ క్రాఫర్డ్ నయం. రాజకీయ తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, రిచ్‌మండ్‌లో మోటార్‌సైకిల్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. 2009లో వచ్చిన 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్'లో, కుతూహలం కొద్దీ ఒక బండి మీద గంటలు గడిపేసి, ఆ గంటలన్నీ బిల్లులో వెయ్యాలా వద్దా అని కొట్టుమిట్టాడతాడు. శ్రద్ధ ఖరీదు ఎంతో అక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

ఇక 'అజాంత్రిక్'. సుబోధ్ ఘోష్ బెంగాలీ కథ దీనికి ఆధారం. రాంచీ చుట్టుపక్కల గతుకుల రోడ్ల మీద బిమల్ (కాళీ బెనర్జీ) అనే టాక్సీ డ్రైవరు, ఆయన పాత షెవర్లే. కారు పేరు జగద్దళ్. ఊరంతా వెక్కిరించినా అదే ఆయన తోడు, అదే కూడు. రేడియేటర్‌లో నీళ్లు పోస్తే దాహమైన మనిషిలా గుటకలేస్తుంది. ఘటక్ కారుకి గొంతు ఇచ్చాడు, మూలుగు ఇచ్చాడు, అసూయ కూడా ఇచ్చాడు. ఈ సినిమా గురించి రాసినవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు: మనిషికీ యంత్రానికీ మధ్య ప్రేమకథ అని. నాకు ఆ మాట చాలదు. బిమల్‌కి ఆ చప్పుళ్లు వినపడేది ప్రేమ వల్ల మాత్రమే కాదు, పనివల్ల. బానెట్ కింద చెవి పెట్టి 'ట్యాపెట్ కొడుతోంది' అనే ఏ ఉస్తాద్‌కైనా కారు మాట్లాడుతూనే ఉంటుంది. బెంగాలీలో 'అజాంత్రిక్' అంటే మన 'అయాంత్రికం'. తెలుగులో 'యాంత్రికంగా' అన్న మాటని మనం తిట్టుగానే వాడతాం, మనసు పెట్టకుండా అని. నిజానికి యంత్రంతో రోజూ మెలిగేవాడు అలా ఉండలేడు, ఉంటే వేలు పోతుంది.

సినిమా చివర జగద్దళ్ ఇక లేవదు. తుక్కు కింద తూకానికి వెళ్లిపోతుంది. ఒక పసివాడు మిగిలిపోయిన హారన్‌తో ఆడుకుంటాడు, బిమల్ కన్నీళ్లలోంచి నవ్వుతాడు. గొప్ప దృశ్యమే. కానీ అందరూ దాన్నే గుర్తుపెట్టుకోవడం నాకు ఇబ్బంది. చావుంటే కథ తేలిగ్గా ముగుస్తుంది. చట్టంలాగే కళకి కూడా పాత బండి చచ్చిపోవాలి, లేకపోతే పూజలందుకోవాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 రోల్స్ రాయిస్ చూసినవాళ్లకి ఆ రెండో రకం తెలుసు. మెరుస్తూ ఉంటుంది, చుట్టూ సెల్ఫీలు. ఈసారి పంపుకి తడిగుడ్డ చుట్టాల్సి వస్తుందేమో అన్న బెంగ దానికి లేదు.

మధ్యకాలానికి రూపం దొరికింది నాకు ఒక్కచోటే, పెద్దాయన లాంగ్ నోటుబుక్కులో. ఒక్కో కారుకి కొన్ని పేజీలు. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, రాణీగంజ్‌లో కొన్నారా పుత్లీబౌలిలో కొన్నారా, ఎంతయింది. విశేషణం ఒక్కటి లేదు. చదివితే మాత్రం ఆపలేకపోయాను. క్లచ్ కేబుల్ రెండేళ్లకోసారి తిరిగొస్తుంది, పాత్రలాగా. ఒకచోట మూడు నెలల ఖాళీ ఉంది. అడిగితే భార్య ఆస్పత్రిలో ఉన్న రోజులని చెప్పారు. తర్వాత పద్దు, మూడింటికీ బ్యాటరీ చార్జింగ్. ఈ పద్దుల పుస్తకంలో పరాకాష్ఠ లేదు, ముగింపు లేదు. మన కథకులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒంటరితనం గురించి చాలా రాశారు. దానికి అయిదు నిమిషాల దూరంలో ఉన్న షెడ్డు గురించి, ఒక వస్తువుని ముప్పై ఏళ్లు ఉంచుకోవడమనే పని గురించి ఇంత ఓపికగా రాసిన వచనం నాకు ఎదురుపడలేదు.

నోటుబుక్కులో కొత్త పద్దులన్నీ రబ్బరు గురించే. బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు పైపుల్ని, గాస్కెట్లని మెత్తబరుస్తుంది. 800కి, పద్మినికి పైపులన్నీ మార్చేశారు. కార్బురేటర్ లోపలి వాషర్ల సంగతి ఇంకా తేలలేదు. జెన్ రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించే ఏడాది కూడా ఇదే.

'అజాంత్రిక్'లో బులాకీ అని ఒక పిచ్చివాడుంటాడు. సొట్టలు పడిన పాత గిన్నెని వదలకుండా తిరుగుతాడు. చివర్లో కొత్త గిన్నె దొరకగానే పాతదాన్ని మర్చిపోయి మురిసిపోతాడు. బిమల్ అది చూసి ఏదో గ్రహించినట్టే ఉంటాడు. ఘటక్ చెప్పదలచింది అర్థమవుతూనే ఉంది, పాతది పోతుంది, కొత్తది వస్తుంది అని. కానీ ఒకప్పుడు మన వీధుల్లో గిన్నెలకి మాటు వేసేవాళ్లు, కళాయి పోసేవాళ్లు కేకలేసుకుంటూ తిరిగేవాళ్లు. పాత గిన్నెకీ కొత్త గిన్నెకీ మధ్య ఉండే ఆ మనిషి, అంత సినిమాలో బులాకీకి ఒక్కసారి కూడా ఎదురుపడడు.