సుడిని లెక్కగట్టిన చేతులు

జూలూరుపాడు పత్తి చేలమీద ఈమధ్య డ్రోన్లతో మందు కొడుతున్నారు. రెక్కల కిందికి దూకే గాలి ఆ మందును ఆకు అడుగుకు చేరుస్తుందో, పక్క చేనికి తోలుకుపోతుందో తేల్చేది అందులో లేచే సుడులే. విమానం రెక్కయినా, క్షిపణి ముక్కయినా, పాల్వంచ థర్మల్ కేంద్రం పొగగొట్టమయినా కథ ఇదే. ఈ సుడులను లెక్కలో బంధించే విద్యను టర్బులెన్స్ మోడలింగ్ అంటారు. కంప్యూటరు చేసే పనిలే అని చాలామంది తీసిపారేస్తారు. పెంబర్తి ఇత్తడి పళ్లెం చూసి చేయి తిరిగిన పనివాణ్ని పోల్చుకున్నట్టే, ఒక మోడల్ చూసి దాన్ని చెక్కినవాడు గాలిని ఎంత దగ్గరగా ఎరుగునో చెప్పొచ్చునని నా నమ్మకం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీటి దారాన్ని నడిపించి, వేగం పెరిగితే అదెలా చెదిరిపోతుందో చూపించాడు. 1895లో ప్రవాహాన్ని సగటు వేగం, దాని చుట్టూ ఊగిసలాట అని విడదీశాడు. సగటు తీయగానే సమీకరణాలకన్నా తెలియని రాశులు ఎక్కువయ్యాయి. ఆ లోటు పూడ్చడమే ఈ విద్యంతా. సుడులు గాలికి అదనపు చిక్కదనం ఇస్తాయనుకుందామని బూసినెస్క్ 1877లోనే దారి వేసి ఉంచాడు. ఆ చిక్కదనం ఎక్కడ ఎంత అన్నదే నేటికీ తెగని తగాదా.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో లాండర్, స్పాల్డింగ్‌లు 1970ల మొదట్లో తీర్చిదిద్దిన కె-ఎప్సిలాన్ ఈ ఇంటి పెద్దకొడుకు. కె సుడుల శక్తి, ఎప్సిలాన్ ఆ శక్తి వేడిగా కరిగిపోయే రేటు. 0.09, 1.44, 1.92 అనే అంకెలను ప్రయోగాల కొలతలకు సరిపెట్టి కుదిర్చారు. పైపులు, బాయిలర్ల దగ్గర అది దశాబ్దాలు ఏలింది. రెక్క మీదికి తెస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. ఎదురు పీడనానికి అలిసిన గాలి రెక్కను విడిచిపోవాల్సిన చోట, ఇంకా అంటుకునే ఉందని బుకాయిస్తుంది. దాన్ని నమ్మి గీసిన రెక్క కాగితం మీద ఎగిరినంత బాగా ఆకాశంలో ఎగరదు.

విల్‌కాక్స్ 1988లో ఇచ్చిన కె-ఒమేగా గోడ పక్కన, అంటే రెక్క ఉపరితలాన్ని ఆనుకుని, అద్భుతంగా పనిచేస్తుంది. దాని జబ్బు వేరు. రెక్కకు ఎంతో దూరాన, ఖాళీ గాలిలో ఒమేగా (సుడుల శక్తితో పోల్చితే అది కరిగే రేటు) విలువ కాస్త మారిస్తే రెక్క మీది జవాబే మారిపోతుంది. బోయింగ్‌లో స్పాలార్ట్, ఆల్‌మరాస్ 1992లో ఒక్క సమీకరణంతో రెక్కల కోసమే మోడల్ కట్టారు. ఆ పొదుపుకు దండం పెట్టాలి. కానీ జెట్ గాలిని ఉన్నదానికన్నా వెడల్పుగా పరిచేస్తుంది.

నేను మెంటర్ అనే శాస్త్రవేత్త పక్షం, దాచుకోను. 1994లో ఆయన అచ్చువేసిన ఎస్ఎస్‌టీ మోడల్ గోడ దగ్గర కె-ఒమేగాగా నడిచి, దూరంగా వెళ్లేకొద్దీ కె-ఎప్సిలాన్‌గా మారుతుంది. ఆ అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు! అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. గోడ పొరలో కోత ఒత్తిడి సుడుల శక్తిలో సుమారు 0.3 వంతు ఉంటుందని బ్రాడ్‌షా గమనించాడు. మెంటర్ ఆ గమనింపునే కళ్లెంగా వేశాడు. గాలి రెక్కను విడిచే చోటు దాంతో దారికొచ్చింది. విడిపోయిన గాలి మళ్లీ అంటుకోవడాన్ని ఎస్ఎస్‌టీ ఆలస్యంగా చూపుతుందని ఎదుటిపక్షం అంటుంది. నిజమే. అయినా నా ఓటు మారదు.

మనవాళ్ల సంగతికి వస్తే నా కలం ఆగదు. ఈరోజు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఎవరి పేరు మోస్తోందో ఆ సతీష్ ధవన్, కాల్టెక్‌లో చదివే రోజుల్లోనే గాలి రాపిడిని నేరుగా కొలిచారు. ఆయన శిష్యుడు రొద్దం నరసింహ పుట్టింది బెంగళూరులోనైనా ఇంటిపేరులో మన అనంతపురం సీమ రొద్దం ఉంది. ప్రశాంతమైన పొర కల్లోలంగా మారే మధ్య దశలో ఒక చోట ఎంతసేపు సుడి ఉంటుంది, ఎంతసేపు ఉండదు అన్నదానికి 1957లో, పాతికేళ్లు నిండకముందే, ఒక సూత్రం చెప్పారు. తర్వాత శ్రీనివాసన్‌తో కలిసి, గాలిని గట్టిగా తరిమితే కల్లోలం మళ్లీ ఎలా సద్దుమణుగుతుందో విప్పి చెప్పారు. మొదటినుంచి చివరిదాకా కల్లోలమే అనుకునే మోడళ్లకు ఈ రెండూ అందవు. అదీ ప్రయోగశాలలో కళ్లతో చూసినవాడి ఘనత.

సుడులన్నింటినీ మోడల్ లేకుండా నేరుగా లెక్కించొచ్చు కదా అంటారు. కిమ్, మొయిన్, మోజర్ 1987లో ఒక చిన్న కాలువ ప్రవాహానికే సుమారు 40 లక్షల బిందువులు వాడారు. నిండు విమానానికి ఆ దారి ఇంకా అందనంత దూరం. అందుకే మోడల్ తప్పదు. 2020 సెప్టెంబర్ 7న హైదరాబాద్ రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ వాళ్ల స్క్రామ్‌జెట్ ఇంజన్ వాహనం శబ్దానికి ఆరింతల వేగంతో 20 సెకన్లకు పైగా దూసుకుపోయింది. అలాంటి ఇంజన్‌లో గాలీ ఇంధనమూ కలవడానికి దొరికేది సెకనులో వెయ్యోవంతుల లెక్క. కలిపే పని సుడులదే, ఆ సుడులను లెక్కగట్టే పని మోడల్‌ది.

ఇక కడుపు మండే సంగతి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టులు రిపోర్టుతో సహా అమ్ముడవుతున్నాయి. రెక్క ఎవరిదో, లెక్క కోసం గాలిని గళ్లుగా కోసిన గ్రిడ్ ఎవరిదో. సాఫ్ట్‌వేర్ ముందుగా చూపిన మోడల్ మీద నొక్కడం, ఎరుపు నీలం రంగుల బొమ్మ అచ్చుతీయడం, అట్ట వేయడం. గోడకూ మొదటి గడికీ మధ్య దూరాన్ని చెప్పే వై-ప్లస్ ఎంత పెట్టావని అడిగితే బిక్కమొహం. ఎస్ఎస్‌టీని గోడదాకా నడపాలంటే మొదటి గడిలో అది 1 దగ్గర ఉండాలి. గోడ సూత్రాలతో సరిపెట్టుకుంటే 30 దాటాలి. మధ్యలో వదిలేస్తే రెండింటికీ చెడుతుంది. రంగులు మాత్రం అంతే అందంగా వస్తాయి! ఇది నకిలీ సరుకు. కొన్న పిల్లల కన్నా, చూసీచూడనట్టు సంతకం పెట్టే పెద్దల మీదే నా కోపం.

ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల అయ్యవార్లకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. నాసా లాంగ్లీ కేంద్రం కూర్చిన మోడళ్ల సమీకరణాలూ, పోల్చుకోవడానికి ప్రయోగాల కొలతలూ ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటితో పోల్చని బొమ్మను వైవా గదిలోకి రానివ్వకండి. ఏ మోడల్, ఎందుకు తీసుకున్నావు, ఏ కొలతతో సరిచూశావు అని అడగండి. జవాబు రాకపోతే సున్నా వేసి, మళ్లీ చేయించండి. అంత కటువుగా ఉంటే తప్ప మన పిల్లల్లోంచి ఇంకో నరసింహ రాడు.