బొంత కుట్టుకు పగ్గం ఎవరి చేతిలో?

మిషన్ మీద బొంత కుట్టడంలో చెయ్యి తిరిగినవారి పనితనం చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పైన గుడ్డ, మధ్యలో దూది, అడుగున అస్తరు, ఈ మూడు పొరలూ కలిసి సూది కిందికి వస్తాయి. గుడ్డను ముందుకు లాగే పళ్ళను దించేసి ఉంటారు కాబట్టి మిషన్ తనంతట తాను గుడ్డను ఒక్క అడుగు కూడా నడపదు. ఎటు తిప్పాలో, ఎంత జరపాలో నిర్ణయించేవి రెండు అరచేతులే. ఆ చేతుల కింద తీగలు సాగుతాయి, ఈకలు విచ్చుకుంటాయి, ఎక్కడా ఒకదాన్నొకటి తాకని మెలికలు బొంతంతా పరుచుకుంటాయి. ఇంతటి విద్యకు ఇప్పుడు రెండు సాయాలు వచ్చాయి. సూది ఎంత వేగంగా దిగాలో ముందే హద్దు పెట్టేది స్పీడ్ కంట్రోలర్. చేతి కదలికను కనిపెట్టి, దానికి తగ్గట్టు సూదిని దించి, కుట్టు పొడవును సమంగా ఉంచేది స్టిచ్ రెగ్యులేటర్. రెండూ మంచివే. కానీ నేర్చుకునేవారికి మొదటిది గురువైతే, రెండోది ఊతకర్ర. ముందు వేగానికి హద్దు పెట్టుకుని చేతికి లయ అలవాటు చేయాలి, రెగ్యులేటర్ జోలికి ఆ తర్వాతే పోవాలి. ఇదే ఈ వ్యాసం వాదన.

పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి దబ్బనంతో బొంత కుట్టుకోవడం మన ఇళ్ళలో తరతరాల పని. కుట్టుమిషన్ చరిత్ర గురించి రెండు ముక్కలు చాలు. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు తీసుకున్నాడు, 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్ పుట్టింది, ఆ నల్ల మిషన్ మెల్లగా మన ఆడపిల్లల సారెలోకి చేరింది. ఇంట్లో కుట్టేవారికి ఎలక్ట్రానిక్స్ ఎక్కడ అర్థమవుతాయని పెదవి విరిచేవారు ఒక్కసారి తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా వైపు చూడాలి. హోసూరులో 1980ల నుంచి టైటాన్ వాచీలు తయారవుతున్నాయి. అదే జిల్లాలో, ఇకత్ చీరల ఊరు కాని మరో పోచంపల్లిలో ఉన్న ఓలా స్కూటర్ల కర్మాగారాన్ని పూర్తిగా మహిళలతోనే నడుపుతామని 2021లో ఆ సంస్థ ప్రకటించింది. మన ఆడవాళ్ళకు యంత్రమంటే బెరుకు లేదు. ఏ యంత్రం దేనికో విడమరిచి చెప్పేవారే తక్కువ.

అసలు లెక్క చాలా చిన్నది. చేతి వేగాన్ని సూది వేగంతో భాగిస్తే కుట్టు పొడవు వస్తుంది. సూది నిమిషానికి 600 సార్లు దిగుతుంటే సెకనుకు 10 కుట్లు పడతాయి. అంగుళానికి 10 కుట్లు కావాలంటే, అంటే ఒక్కో కుట్టు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు రావాలంటే, చెయ్యి సెకనుకు 25 మిల్లీమీటర్లు జరగాలి. తిన్నని గీత మీద ఇది పెద్ద కష్టం కాదు. చిక్కంతా మలుపు దగ్గరే. ఈక కొనకు వచ్చేసరికి చెయ్యి తటపటాయిస్తుంది. కాలు మాత్రం పెడల్ మీద అలాగే ఉంటుంది. సూది ఒకేచోట నాలుగైదు పోట్లు పొడిచి ముడి కడుతుంది. ఆ కంగారులో చెయ్యి ఒక్కసారిగా జారి, తర్వాతి కుట్టు ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది. బొంత తిరగేసి చూస్తే ఆ వంపు పొడవునా కింది దారం బిగుసుకుని తిన్నగా పడి ఉంటుంది, పై దారం దాని మీదుగా చిన్న చిన్న ఉచ్చులై వేలాడుతుంది. అందుకే పని తెలిసినవారు ముందు చూసేది బొంత వెనకవైపే.

స్పీడ్ కంట్రోలర్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. కొత్త మిషన్లలో చాలావాటికి తాబేలు, కుందేలు బొమ్మల మధ్య జరిపే మీట ఉంటుంది. దాన్ని సగానికి దించితే కాలు ఎంత గట్టిగా తొక్కినా సూది ఆ హద్దు దాటదు. కాలి సంగతి మరిచిపోయి మనసంతా చేతి మీద పెట్టవచ్చు. సూది వేగం స్థిరంగా ఉంది కాబట్టి కుట్టులో వచ్చే ప్రతి తేడా చేతిదేనని అక్కడికక్కడే తెలిసిపోతుంది. తప్పు కనబడుతుంది, కనబడింది దిద్దుకోవచ్చు. నల్ల మిషన్‌కు బిగించే చిన్న మోటారుకూ కాలి కంట్రోలరు వస్తుంది గానీ, పాతరకం రెసిస్టెన్స్ కంట్రోలర్లలో వేగంతోపాటు మోటారు బలమూ పడిపోతుంది. నెమ్మదిగా కుట్టబోతే సూది మూడు పొరల్లో దిగలేక మొరాయిస్తుంది, కొంచెం ఎక్కువ తొక్కితే దూకుతుంది. మోటారు వేగాన్ని కనిపెట్టి సరిచేసుకునే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లలో ఎంత నెమ్మదిలోనూ పోటు బలం తగ్గదు. అందుకే కొనేముందు పలచటి జాకెట్టు గుడ్డ మీద కుట్టి చూసి మురిసిపోకూడదు. దూది పెట్టిన మూడు పొరల మీద అతి నెమ్మదిగా కుట్టి చూడాలి.

స్టిచ్ రెగ్యులేటర్‌లో రెండు రకాలున్నాయి. పెద్ద ఫ్రేము మీద మిషన్‌నే కదిలించి కుట్టేచోట చక్రాలకు అమర్చిన ఎన్‌కోడర్లు కదలికను కొలుస్తాయి. గుడ్డను చేత్తో జరిపే ఇంటి మిషన్లలో, బెర్నినా సంస్థ రెగ్యులేటర్ మాదిరిగా, సూది దగ్గర గుడ్డ మీద ఉండే పాదానికున్న ఆప్టికల్ సెన్సర్ గుడ్డ కదలికను చూస్తుంది. చెయ్యి నెమ్మదిస్తే సూదీ నెమ్మదిస్తుంది, వేగం పెరిగితే అదీ అందుకుంటుంది. ఒక పద్ధతిలో చెయ్యి ఆగితే సూదీ ఆగుతుంది. ఇంకో పద్ధతిలో పెడల్ తొక్కినంతసేపూ మెల్లగా పోట్లు వేస్తూనే ఉంటుంది. అద్భుతమైన పనితనం, సందేహం లేదు. కానీ దానికి తెలిసింది పొడవొక్కటే. వంకర ఈక వంకరగానే ఉంటుంది, కాకపోతే సమమైన కుట్లతో వంకరగా ఉంటుంది. పైగా చెయ్యి ఎంత తడబడినా మిషన్ కప్పిపుచ్చుతుంది గనుక ఆ తడబాటు కుట్టేవారికి తెలియనే తెలియదు. తెలియని తప్పు ఎన్నేళ్ళైనా పోదు.

రెగ్యులేటర్ లేకుండానే చేతికి లయ వస్తుందనడానికి సాక్ష్యం దూరంలో లేదు. పాదం ఊడదీసి, గుడ్డకు రింగు బిగించి, కాలితో తొక్కే నల్ల మిషన్ మీదే జాకెట్లకు పూలూ లతలూ పోసిన మిషన్ ఎంబ్రాయిడరీ పనివారు మన తెలుగు ఊళ్ళలో ఎంతమంది ఉండేవారు! వాళ్ళకు సెన్సరూ లేదు, మీటా లేదు. కాలి లయ, చేతి లయ కలిసిపోయి రేకు మీద దారం రంగు పూసినట్టు పడేది. పాటియాలాలో అరుణ్ కుమార్ బజాజ్ కుట్టుమిషన్ మీద దారాలతోనే చిత్తరువులు దించుతున్నారు, ముఖంలో వెలుగునీడలు సైతం దారంతోనే పలికిస్తారు. అమెరికాలో 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్ మీద కుట్టిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’కు పడూకాలో జరిగే అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి వచ్చింది. మిషన్ బొంతకు అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఇంటి మిషన్లకు సెన్సర్ పాదాలు రాకముందే సాధించిన విజయమది. ఆ ఘనత పూర్తిగా చేతిదే.

చేతినొప్పులున్నవారు, పెద్ద వయసువారు ఏం చేయాలని అడగవచ్చు. వారు నిరభ్యంతరంగా రెగ్యులేటర్ వాడాలి. బొంత కుట్టడం మానేయడం కంటే సాయం తీసుకోవడం వెయ్యిరెట్లు మేలు. గడువులోగా పని ముగించాల్సిన వృత్తిపనివారికీ అది న్యాయమే. కుట్లు సమంగా లేకపోతేనేం, చేతి బొంత అందం అందులోనే ఉంది కదా అని మరికొందరంటారు. కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు అంచు నుంచి మధ్యకు కుట్టుకొచ్చే కవందీలను చూస్తే ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వారి కుట్టులో ఒక నడక ఉంది, అది చేతికి పట్టుబడిన లయ. మిషన్ మీద పడే తడబాటును ఆ లయతో పోల్చడం వారికి అన్యాయం చేయడమే. పైగా సమత్వం సోకు కోసం కాదు. పొడుగు కుట్టు కాలి మెట్టెకు తగులుకుని తెగుతుంది, ఒకేచోట పడిన పోట్లు గుడ్డను కొరికేస్తాయి. బండమీద ఉతికే బొంతకు రెండూ ముప్పే.

అసలు కోపం రావాల్సింది రెగ్యులేటర్ మీద కాదు. దారమే లేకుండా అల్ట్రాసోనిక్ యంత్రంతో అతికించిన పాలియెస్టర్ పరుపుగుడ్డను క్విల్ట్ అని అమ్ముతున్నారే, ముక్కలు కలిపి కుట్టినట్టు అచ్చు వేసిన గుడ్డను ప్యాచ్‌వర్క్ అంటున్నారే, కంప్యూటర్ నడిపిన బారు సూదుల కుట్టుకు చేతిపని చీటీ తగిలిస్తున్నారే, అక్కడ రావాలి కోపం! కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చి రింగు పనివారి పొట్ట కొట్టింది. వాళ్ళు వెళ్ళిపోతూ చేతిలోని లయను కూడా వెంట తీసుకుపోయారు. బొంతకూ ఆ గతి పట్టనివ్వకూడదు. చేతికే విద్య లేకపోతే నకిలీని గుర్తుపట్టే కన్నూ ఉండదు.

అందుకే కుట్టుపని నేర్పే ప్రతి చోటా ఒక్క మార్పు చేయాలని నా విన్నపం. జాకెట్టు, లంగా నేర్పిన తర్వాత పళ్ళు దించి, రఫూ పాదం బిగించి, వేగం సగానికి కట్టి, మూడు పొరల మీద మెలికలు కుట్టించండి. స్కేలు పెట్టి అంగుళానికి కుట్లు లెక్కపెట్టించండి, వెనకవైపు తిప్పి చూపించండి. లక్షల రూపాయల మిషన్ అక్కర్లేదు, మీట ఉన్న మామూలు మిషన్ చాలు. కొనేవారు కూడా బొంత వెనకవైపు చూసి, కుట్టిన చేతికి తగిన ధర ఇవ్వండి. రెగ్యులేటర్ కొనుక్కునే స్తోమత అందరికీ రాకపోవచ్చు. లయ నేర్చుకునే అవకాశం మాత్రం ప్రతి ఒక్కరికీ దక్కాలి.