పెంగ్విన్లకు తొందరేం లేదు

కేప్‌టౌన్ వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లో ఆ ఫొటో తప్పకుండా ఉంటుంది. ముందు వాళ్ళు, వెనక గుండురాళ్ళు, రాళ్ళ సందుల్లో పెంగ్విన్లు. ప్రయాణమంతా ఆ ఫొటో చుట్టూనే అల్లుకుంటారు. నన్నడిగితే అది తిరగేసిన పద్ధతి. సైమన్స్‌టౌన్ పక్కన బౌల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్లు ఏడాది పొడవునా ఉంటాయి. ఇవాళ కాకపోతే రేపు చూస్తాం. మన ఇష్టంతో పనిలేనివి వేరే ఉన్నాయి. అదే ఊళ్ళో పడవెక్కి, కేప్ పాయింట్ దాటి, దాదాపు 30 నాటికల్ మైళ్ళు నడిసముద్రంలోకి వెళ్తేగానీ కనబడని పక్షులు. ముందు ఆ పడవకు రోజు ఖాయం చేసుకోవాలి. తక్కినవన్నీ తర్వాత సర్దుకుంటాయి.

ఒక్కరోజు చాలదు, మూడు రోజులు అట్టేపెట్టుకోండి. గాలి ముదిరితే పడవ కదలదు. ముందురోజు సాయంత్రం ‘రేపు లేదండీ’ అని కబురొస్తుంది. పెంగ్విన్ల దగ్గరికి వెళ్ళాల్సింది సరిగ్గా ఆ రోజునే. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చలికాలం. మన పిల్లలకు వేసవి సెలవులు నడుస్తుండగా అక్కడ ఈ నడిసముద్రపు పక్షుల్లో పెద్దవైన ఆల్బట్రాస్‌ల రాక ఊపందుకుంటుంది. వానా చలీ తప్పవు మరి.

నేను మొదటిసారి టిఫిన్ గట్టిగా లాగించి పడవెక్కాను. నా మొదటి ఆల్బట్రాస్‌ను బకెట్ అంచు మీంచి చూశాను. వాంతుల మాత్ర పడవెక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. కడుపు తిప్పుతుంటే గదిలోకి దూరకుండా బయట నిలబడి దిగంతం మీద చూపు నిలపాలి. బైనాక్యులర్స్ ఎనిమిది రెట్లు చూపించేవి చాలు. పదిరెట్లవైతే ఊగే పడవ మీద పక్షికన్నా ఆకాశమే ఎక్కువ కనబడుతుంది.

ఆ నీళ్ళలో వెతకాల్సింది మొదట పక్షిని కాదు, హేక్ చేపలు పట్టే ట్రాలర్‌ను. అది వల పైకి లాగే వేళకు వేల పక్షులు మూగుతాయి. ఎవరు ఏది చూపిస్తున్నారో తెలియాలంటే గడియారం భాష రావాలి. పడవ ముక్కు పన్నెండు, కుడివైపు మూడు, వెనక ఆరు. ‘నాలుగు గంటలకు, అల మీద!’ అని అరుపు వినబడగానే తలలన్నీ అటు తిరుగుతాయి.

రంగు చూసి పోల్చుకుందామంటే దొరకవు, అన్నీ నలుపు తెలుపుల కలబోతే. ఎగిరే తీరు చూడాలి. షై ఆల్బట్రాస్ చాపిన రెక్కలు 8 అడుగులకు అటూ ఇటుగా ఉంటాయి. అది వాటిని ఆడించదు. అల దగ్గర గాలి మందం, పైన జోరు. ఆ తేడాయే దాని ఇంధనం. గాలికి ఎదురుగా పైకి లేస్తుంది, ఒరిగి, గాలివాటున జారుతుంది, మళ్ళీ లేస్తుంది. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్‌ది వేరే ధోరణి. పిచ్చుకకన్నా కాస్త పెద్దదంతే. కాళ్ళు వేలాడేసి, నీటి మీద తపతపా అడుగులేస్తూ మేస్తుంది. అంటార్కిటికాలో గుడ్లు పెట్టే ఈ పిట్ట వానాకాలంలో మన అరేబియా సముద్రం దాకా వస్తుంది. దగ్గరికొచ్చిన ఆల్బట్రాస్ ముక్కు కొసను గమనించండి, ఒక నీటిచుక్క వేలాడుతుంటుంది. జలుబు కాదు, తాగిన సముద్రపు నీళ్ళలోని ఉప్పు.

ట్రాలర్ వెనక ఎగిరే రంగు పీలికలు కూడా చూడదగ్గవే. చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి మన రైతులు కట్టే రిబ్బన్ల లాంటివే. వల లాగే ఇనుప తాళ్ళు రెక్కలకు తగిలి ఆల్బట్రాస్‌లు నీట మునిగి చచ్చేవి. ఈ పీలికలు కట్టడం మొదలయ్యాక ఇక్కడి హేక్ ట్రాలర్ల దగ్గర ఆ చావులు పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గాయి. పక్షుల్ని లెక్కపెట్టడానికి పడవెక్కిన మనుషులు లేకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

పెంగ్విన్ల కథ ఇంత బాగా లేదు. 1980లలో రెండు జంటలతో మొదలైన బౌల్డర్స్ కాలనీ బాగానే పెరిగింది గానీ, మొత్తంగా ఆఫ్రికన్ పెంగ్విన్ జంటలు పదివేల లోపుకు పడిపోయాయి. అవి తినే కవళ్ళు, నెత్తళ్ళు కరువయ్యాయి. 2024లో ఈ జాతిని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్నవాటి జాబితాలో చేర్చారు. బౌల్డర్స్‌లో చెక్క వంతెన మీద నిలబడి చూస్తే, ఈకలు రాలుస్తున్న పెంగ్విన్ ఒకటి చిరిగిన పరుపులా కనబడొచ్చు. మూడు వారాలపాటు దానికి ఈత లేదు, తిండి లేదు, ఒంట్లో కొవ్వే ఆధారం. దాన్ని తరిమి నడిపిస్తే ఆ కొవ్వే ఖర్చవుతుంది. కాబట్టి సెల్ఫీ కోసం దగ్గరికి జరగొద్దు. ముక్కుతో పొడిస్తే రక్తం కూడా వస్తుంది లెండి.

తిరిగొచ్చాక కారు తీసేముందు వంగి చక్రాల కింద చూడండి. ఆ మాట అక్కడ బోర్డు మీదే రాసి ఉంటుంది. నీడ దొరికిందని ఏదో ఒకటి నడుం వాల్చి ఉండొచ్చు.