ఉండ పాకం, ఉడుకు రొట్టె

భోగికి నాలుగు రోజుల ముందు హుజూర్‌నగర్‌లో ఏ గిర్ని ముందు చూసినా స్టీలు గంజులు వరస కట్టి ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక తడిగుడ్డ. నిలబడలేక గంజుల్ని వరసలో పెట్టి ఆడవాళ్లు ఎదురింటి అరుగు మీద కూర్చుంటారు గానీ, ఎవరి గంజు ఎవరిని దాటి ముందుకు జరిగిందో ఓ కంట కనిపెడుతూనే ఉంటారు. ఏడాదంతా జొన్నలు, గోధుమలు పట్టే గిర్ని ఆ నాలుగు రోజులూ తడిబియ్యానిదే. ఎవరైనా గోధుమలు తెస్తే "పండుగ పోనియ్యమ్మా" అని తిప్పి పంపేస్తారు. తడిపిండి గిర్ని గొంతులో పట్టుకుంటుంది. నడిపే ఆయన కర్రతో తడుతూనే ఉండాలి.

ఆ బియ్యం నానబోసింది నిన్న పొద్దున. ఒక పగలు, ఒక రాత్రి నానాలి. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చకపోతే పులిసిన వాసన పట్టేస్తుంది. వడగట్టి, గుడ్డ మీద నీడన పరిచి, చేతికి చెమ్మ తగులుతూనే నీళ్లు అంటని దశలో ఎత్తెయ్యాలి. పట్టించిన పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, బొటనవేలితో కదిపితే విడిపోవాలి. అంతకంటే ఆరితే అరిసెకు పనికిరాదు. అందుకే జల్లించిన పిండిని గిన్నెలోకి అదిమి, గుడ్డ కప్పి, ఇంటికి పరుగు.

మా ఊళ్లో ఈ పిండి రెండు పాళ్లవుతుంది. సగం అరిసెలకు, సగం సకినాలకు. వరంగల్, కరీంనగర్ వైపు సంక్రాంతి అంటే సకినమే. కృష్ణ దాటి గుంటూరు వైపు పోతే సకినం పేరు విననివాళ్లు కూడా దొరుకుతారు, అక్కడ అరిసె లేని పండుగ పండుగే కాదు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ఈ రెంటి నడుమ ఉన్నాయి. కాబట్టి మా డబ్బాలు రెండు. ఒకటి తీపిది, ఒకటి కారపుది అని పేరుకే అంటాం, సకినంలో కారం చిటికెడు కూడా ఉండదు.

ఈ రెండు డబ్బాల వెనక కాలువ ఉంది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మా వైపు వచ్చే ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. అంతకుముందు చెరువుల కింద, బావుల కింద వరి లేకపోలేదు. కానీ మెట్ట చేలల్లో జొన్న, సజ్జ ఉండేవి, తెల్లన్నం పండుగనాటి ముచ్చటగా ఉన్న ఇళ్లు ఎన్నో. నీళ్ల వెంట వరి వచ్చింది. వరి వెంట మిర్యాలగూడ మిల్లులు లేచాయి. ఏటి అవతలి నుంచి భూములు కొనుక్కుని కుటుంబాలు దిగాయి. వాళ్ల ట్రంకుపెట్టెల్లో బట్టలతోపాటు అరిసెల చెక్కలు కూడా దిగి ఉంటాయని నా అనుమానం. మా నాయనమ్మ అరిసెను "కాలువ పిండివంట" అని ఎత్తిపొడిచేది. నిజానికి అరిసె తెలంగాణకు కొత్తదేమీ కాదు, ఆమె కోపం కాలువ మీద. అయినా పాకం పొయ్యి మీద ఉన్నంతసేపు అక్కడి నుంచి కదిలేది కాదు.

అరిసెలో అసలు విద్య పాకంలోనే ఉంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం మా ఇంటి లెక్క. బెల్లం తరిగి, కాసిని నీళ్లు పోసి కరిగించి, ఇసుక, చెరకు పిప్పి పోయేలా వడగట్టి మళ్లీ పొయ్యి ఎక్కిస్తాం. పక్కన పళ్లెంలో చన్నీళ్లు. కాసేపటికోసారి గరిటె కొసతో రెండు చుక్కలు అందులో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తుంటారు. మొదట చుక్క నీళ్లలో కలిసిపోతుంది. తర్వాత తీగ సాగుతుంది. ఇంకాస్త ఆగితే మెత్తటి ఉండ కడుతుంది, పైకెత్తితే వేలి మీద వాలిపోతుంది. అదే లేత ఉండ పాకం. అక్కడ దించాలి. దించకపోతే ఉండ రాయిలా మారి, పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. అది పల్లీపట్టీ పాకం.

మా ఇంట్లో ఆ నిమిషంలో ఏటా ఒకే తగాదా.

"దించవే, ముదిరితే మామ పళ్లు ఊడతయి" అని పెద్దమ్మ.

"ఇంకొక్క పొంగు రానియ్యక్కా, పోయినేడు నూనెల ఇచ్చుకపోలే?" అని అమ్మ.

ఇద్దరిదీ నిజమే. లేత పాకం పట్టిన అరిసె మెత్తగా ఉంటుంది, కానీ ఇంకాస్త లేతదైతే నూనెలో పడగానే విచ్చుకుపోతుంది. ముదిరితే విరగదు, నమలబడదు. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. మిఠాయి పనివాళ్ల లెక్కలో చక్కెర లేత ఉండకు వచ్చేది 112 నుంచి 116 డిగ్రీల మధ్య. అంటే పెద్దమ్మకూ అమ్మకూ నడుమ ఉన్న తగాదా నాలుగు డిగ్రీలది. థర్మామీటరు కొని తెస్తానని ఒకసారి అన్నాను. ఇద్దరూ ఒక్కటై నన్ను వంటింట్లోంచి వెళ్లగొట్టారు.

దించగానే యాలకుల పొడి, నెయ్యి, వేయించిన నువ్వులు, ఆ వెంటనే పిండి. ఇక్కడ ఒక్క మనిషి వల్ల కాదు. ఒకరు గుప్పిళ్లతో పిండి జారవిడుస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఆగితే ఉండలు కడుతుంది. గంజు కదలకుండా మూడో మనిషి రెండు వైపులా గుడ్డతో పట్టుకుంటారు, సాధారణంగా ఆ పని ఇంట్లో ఖాళీగా తిరిగే మగవాళ్లది. పిండి ఎంత పడుతుందో ముందే చెప్పలేం, పాకం చాలనేదాకా వెయ్యాలి. తెడ్డు ఎత్తితే పిండి ముద్దగా, మెల్లగా జారాలి. ఆరిన పిండైతే పాకాన్ని తాగేసి పలుకులు పలుకులుగా ఉండిపోతుంది. తడి ఉన్న పిండి పాకంతో కలిసిపోతుంది. గిర్ని దగ్గర ఆ తడిగుడ్డల తాపత్రయమంతా అందుకే.

తర్వాత పొయ్యి ముందు నలుగురు కూర్చుంటారు. ఒకరు నిమ్మకాయంత ఉండలు చేస్తారు, ఒకరు నూనె రాసిన ఆకు మీద ఒత్తుతారు (ఇప్పుడు ఆకు పోయి పాల ప్యాకెట్ కవరు వచ్చింది), ఒకరు మూకుట్లో వేసి తీస్తారు, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండుతారు. ఆ నొక్కుడుతో మిగిలిన నూనె కారిపోతుంది, అరిసె పలచనై బిగుస్తుంది. పిండిన అరిసెల్ని వరిగడ్డి మీద పరిస్తే ఒకదానికొకటి అంటుకోవు. కాగితం మీద ఆరబెట్టినవాటికి ఆ గడ్డి వాసన రాదు. రుచిలో తేడా ఏమీ ఉండదని మా తమ్ముడంటాడు. వాడికి ముక్కు తక్కువ.

ఇదే వంటకం చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఎన్నో పేర్లతో తిరుగుతుంది. తమిళులకు అధిరసం, మరాఠీవాళ్లకు దీపావళి అనారసె, ఒడియావాళ్లకు అరిస పిఠా. కన్నడలో కజ్జాయ. బెంగళూరులో చుట్టాలు "కజ్జాయ చేశాం, రండి" అంటే మావాళ్లు కొబ్బరి కూరిన కజ్జికాయలనుకుని వెళ్లారు, మేం గరిజెలనేవి. తమిళనాట పాకం పిండిని రోజుల తరబడి ఊరనిచ్చి తర్వాత వేయిస్తారు. అనారసెకు బియ్యం మూడు రోజులు నానుతుంది, పైన గసగసాలు అద్దుతారు. మనకు అంత ఓపిక లేదు, పొద్దున పాకం పడితే మధ్యాహ్నానికి డబ్బా నిండాలి.

సకినానికి పాకం గొడవ లేదు, చెయ్యి గొడవ ఉంది. అదే తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్లు చిలకరిస్తూ, వేళ్ల మధ్య సాగేంత మెత్తగా తడుపుతారు. పాత పంచె ఉతికి నేల మీద పరిచి, చుట్టూ కూర్చుని, పిండిని వేళ్ల సందున మెలి తిప్పుతూ మూడు నాలుగు చుట్లు పోస్తారు. గొట్టం లేదు, అచ్చు లేదు. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే జిగురు ఉండదు. తడి కాస్త తగ్గితే తీగ తెగుతుంది, ఎక్కువైతే చుట్లన్నీ కలిసిపోయి అప్పచ్చి అవుతుంది. పోసిన సకినాన్ని వెంటనే ఎత్తరు. పంచె తడి పీల్చుకుని చుట్టు కాస్త బిగుసుకునేదాకా ఆగి, అప్పుడు పళ్లెం అంచుతో లేపి నూనెలోకి జారవిడుస్తారు. కొత్త కోడలు పోసే చుట్లను మొదటి ఏడాది అందరూ చూస్తారు. ఇది నాకు నచ్చని ఆచారం. చుట్టు వంకర పోయినా రుచి పోదు, ఆ పిల్లకు మాత్రం చెయ్యి వణుకుతుంది.

ఈ రెండు వంటల్లోనూ నాకు అబ్బురంగా తోచేది ఒకటే. ఒంటరి మనిషికి ఇవి కుదరవు. జపాన్‌లో కొత్త సంవత్సరానికి మోచి దంచేటప్పుడు ఒకరు పెద్ద చెక్క సుత్తితో ఉడికిన అన్నాన్ని మోదుతుంటే, ఇంకొకరు దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి ముద్దను తిప్పుతారు. లయ తప్పితే వేళ్లు నలుగుతాయి. మెక్సికోలో క్రిస్మస్‌కు తమాలెలు చుట్టడానికి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరతారు. కొరియాలో చలికాలానికి ముందు వాడంతా కలిసి కిమ్చి పెట్టుకునే కిమ్‌జాంగ్‌ను యునెస్కో 2013లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి ఎక్కింది కిమ్చి తయారీతోపాటు దాన్ని పంచుకోవడం కూడా. మన గిర్ని ముందు గంజుల వరసను ఎవరూ ఏ జాబితాలోనూ రాయలేదు. రాస్తే గిర్ని ఆయన నవ్వుతాడు.

కాలువకు ముందున్న తీపి ఇంకొకటి ఉంది. దాని పేరు మలీద. దసరా ముందు సద్దుల బతుకమ్మ నాడు పెరుగు, చింతపండు, నువ్వులు, కొబ్బరి సద్దుల పక్కన మలీద ముద్దలు ఉంటాయి. సజ్జ రొట్టెనో జొన్న రొట్టెనో బెల్లంతో నలిపి కట్టిన ముద్దలవి. ఇప్పుడు గోధుమ రొట్టెలతో చేసేవాళ్లే ఎక్కువ. పీర్ల పండుగనాడు పీర్ల చావిడి దగ్గర పంచేదీ మలీదే. పీర్లను ఎత్తేవాళ్లలో, కింద పడుకుని మొక్కేవాళ్లలో సాయిబులెందరో తక్కినవాళ్లూ అందరుంటారు, కాబట్టి ఆ ముద్ద ఎవరిదని ఎవరూ అడగరు. పేరు మాత్రం పారశీకం నుంచి వచ్చింది. ఆ భాషలో "మాలీదన్" అంటే నలపడం. చేసే పనే దాని పేరు. బతుకమ్మకు గౌరమ్మ ముందు పెట్టే ముద్దకు పారశీక పేరు ఉందని మా అత్తమ్మతో అంటే, "మలీదకు కూడా ఊరూ పేరూ ఎందుకు, తిను" అంది.

మఠంపల్లి, పాలకీడు మండలాల తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. అందులో దేవుడికి పెట్టే చుర్మో ఉంటుంది. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి నలిపినదే. రాజస్థాన్ చుర్మాకు దగ్గరి చుట్టం. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు కూడా ఏలియా ప్రవక్త పేరు మీద మలీద పెడతారు. వాళ్లది రొట్టెతో కాదు, అటుకులు, కొబ్బరి, పళ్లతో. ముద్ద మారినా పేరు అంత దూరం నడిచి వెళ్లింది.

మలీదలోనూ ఒక ఒడుపు ఉంది. రొట్టె పెనం మీంచి దిగీ దిగగానే నలపాలి. వేడికి బెల్లం కరిగి రొట్టెలోకి ఇంకుతుంది. చల్లారిన రొట్టెతో చేస్తే పొడి పొడిగా రాలుతుంది, దాన్ని ముద్ద కట్టడానికి నెయ్యి గుమ్మరించాలి. చెయ్యి కాలుతుంది కాబట్టి మా ఇంట్లో చెంబు అడుగుతో నూరతారు, కొందరు రోట్లో వేసి దంచుతారు. సజ్జపిండి తాజాగా పట్టించింది కావాలి. సజ్జల్లో కొవ్వు ఎక్కువ, పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి పిండి కలపాలి, లేకపోతే తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. ఇక్కడా మళ్లీ ఒకరు రొట్టె కాలుస్తుంటే ఇంకొకరు నలపాలి.

పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ సైదులు దర్గాకు ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. సంక్రాంతి డబ్బాలు ఇంకా అడుగంటకముందే ఇక్కడివాళ్లు మతంతో పనిలేకుండా అక్కడికి కదులుతారు. మొక్కు ఉన్నవాళ్లు యాటను కోసి కందూరు చేస్తారు, చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిలు లేస్తాయి. అక్కడ పక్క పొయ్యివాళ్లకు ఉప్పు అప్పిచ్చి, అరిసె కొసరు పెట్టడం నేను చూశాను.

ఇప్పుడు పిండివంటలు కొనుక్కోవడమే ఎక్కువ. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఆర్డరు మీద చేసిచ్చే ఆడవాళ్లున్నారు. అమెరికాలోని పిల్లలకు వాళ్ల దగ్గరి నుంచే అట్టపెట్టెలు కట్టి పంపుతారు. అరిసెలో నీరు తక్కువ, బెల్లం ఎక్కువ, అందుకే అంత దూరం చెడకుండా వెళ్తుంది. కొన్నవాటిని తక్కువ చెయ్యను. రోజుకు అన్ని కిలోల పాకం పట్టే ఆ చేతుల ముందు మా పెద్దమ్మ, అమ్మ ఎప్పుడూ నేర్చుకునేవాళ్లే. కాకపోతే ఆ డబ్బాలో నాలుగు డిగ్రీల తగాదా ఉండదు.

పోయిన సంక్రాంతికి అమ్మ మాట నెగ్గింది. ఇంకొక్క పొంగు రానిచ్చారు. అరిసెలు డబ్బాలో గలగలమన్నాయి, తాతయ్య ఒకటి నోట్లో పెట్టుకుని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కనుమ మర్నాడు నాయనమ్మ రోలు కడిగించింది. అరిసెల్ని ముక్కలు చేసి, కాచిన నెయ్యి రెండు గరిటెలు పోసి, రోట్లో వేసి దంచి, ముద్దలు కట్టి పిల్లల చేతుల్లో పెట్టింది. ఇదేంటని అడిగితే, "మలీద" అంది.