పసుపు వన్నె - పాఠభేదము

పూర్వపు ప్రకృతిశాస్త్ర గ్రంథములందలి రంగుబొమ్మలను ఆధారముగా గొని తెలుగు మొక్కల పేర్లకు అర్థనిర్ణయము చేయవచ్చునా? విలియం రాక్స్‌బర్గ్ రచించిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' ఈ విచారమునకు తగిన గ్రంథము. ఇది 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా, 300 చిత్రఫలకములతో వెలువడినది. సామర్లకోటలో నున్న కాలమున ఆయన దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. పెక్కు మొక్కలకు తెలుగు పేర్లను గూడ చేర్చెను. కనుకనే ఇది నిఘంటుకారులకు ఆదరణీయము.

రెండవ సంపుటమునందలి వేగిసను చూతము. దాని పూవు పసుపు. ఫలకమునందలి రేఖ రాగిరేకుపై చెక్కబడినది. ప్రతులన్నిటను అది యొక్కటే. రంగు మాత్రము ఒక్కొక్క ప్రతియందు వేరుగా చేతితో పూయబడినది. అంతేకాదు, ఆ కాలమున విరివిగా వాడిన గాంబోజ్ అను చెట్టుబంక పసుపు వెలుతురునకు వెలసిపోవును. నీలముతో కలిపి ఆకుపచ్చ చేసిన చోట పసుపు వెలసినచో ఆకు నీలివన్నె దేరును.

కావున రేఖను మూలపాఠముగను, వన్నెను లేఖకుని పాఠముగను గ్రహింపవలెనని మా అభిప్రాయము. ఒక్క తాళపత్రప్రతిని నమ్మి పద్యపాఠమును స్థిరపరుపని మనము, ఒక్క ఫలకమును నమ్మి పూవు వన్నెను నిఘంటువున కెక్కించుట తగదు. పలు ప్రతులను, కోల్‌కతా, క్యూ ఉద్యానములందలి రాక్స్‌బర్గ్ చిత్రసంచయములను, ఆయన వర్ణనవాక్యములను సరిపోల్చవలెను. పిమ్మట సజీవమైన మొక్కను చూచి అర్థము చెప్పుట యుక్తము.